కుర్చీకీ మంచానికీ మధ్య

వీల్‌చైర్‌లో స్థిమితంగా కూర్చున్న మనిషి ఊరికే కింద పడిపోవడం అరుదు. పడేది ఎక్కువగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారేటప్పుడే. మంచం అంచు మీంచి కుర్చీలోకి జరిగేటప్పుడు, కుర్చీలోంచి కమోడ్ మీదికి వెళ్లేటప్పుడు, నేల మీద పడ్డ రిమోట్ కోసం ముందుకు వంగినప్పుడు, ముందు చక్రం గడపకు తగిలి కుర్చీ టక్కున ఆగినప్పుడు. రోజు మొత్తంలో ఇలాంటి సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లెక్కపెట్టగలిగిన ప్రమాదానికి ముందుగా సిద్ధం కావచ్చు.

ఇంట్లోవాళ్లకు మాత్రం ప్రమాదం మనిషిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. "నువ్వు కదలకు నాన్నా, పడతావు. ఏం కావాలన్నా నన్ను పిలువు" అంటాడు కొడుకు. ప్రేమతోనే అంటాడు. కానీ కొడుకు ఆఫీసుకు వెళ్తాడు, కోడలు పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్తుంది, సరిగ్గా అప్పుడే పెద్దాయనకు బాత్‌రూంకి వెళ్లాల్సి వస్తుంది. నెలల తరబడి తనంతట తాను మారే అలవాటు తప్పిపోయిన మనిషి ఆ తొందరలో లేవబోతాడు, పడతాడు. కదలనివ్వకపోతే చేతుల్లో మిగిలిన కాస్త బలమూ పోతుంది, ఒంటిని నిలదొక్కుకునే అలవాటూ పోతుంది. పైగా గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే పిరుదుల దగ్గర, నడుము కింద పుండ్లు పడతాయి. "పడతావు, కదలకు" అనే మాటను ఈ ఇళ్లలోంచి తీసెయ్యాలని నా గట్టి అభిప్రాయం.

అందుకే ఈ అధ్యాయంలో చెప్పేవన్నీ ధైర్యంగా కదలడానికి. వీల్‌చైర్ వాడే మీకే చెబుతున్నాను. సాయం చేసేవాళ్లు మీ పక్కన కూర్చుని చదివితే ఇంకా మంచిది.

ముందు కుర్చీని చూడండి

బ్రేకులతో మొదలుపెడదాం. రెండు బ్రేకులూ వేసుకుని కూర్చుని, వెనక నుంచి గట్టిగా నెట్టమని ఎవరినైనా అడగండి. వెనక చక్రాలు దొర్లకూడదు. దొర్లితే మొదట ఆ టైర్లు చూడండి. మామూలు వీల్‌చైర్లలో బ్రేకు అంటే టైరు మీద అదిమే ఒక ఇనప ముక్క. గాలి టైరు మెత్తబడినా, గట్టి రబ్బరు టైరు అరిగినా ఆ ముక్కకూ టైరుకూ మధ్య సందు వస్తుంది, బ్రేకు వేసినట్టే ఉంటుంది కానీ పట్టదు. గాలి కొట్టడానికీ, బ్రేకు నట్టు వదులు చేసి టైరు వైపుకు జరిపి బిగించడానికీ వీధి చివర సైకిల్ షాపు చాలు. నెలకోసారి పంపండి.

తర్వాత సీటు. మడత కుర్చీలో రెగ్జిన్ సీటు వాడగా వాడగా ఉయ్యాలలా కుంగుతుంది. అందులో కూర్చుంటే తుంటి ముందుకు జారుతుంది, వీపు వెనక్కి వాలుతుంది, గంట గడిచేసరికి సీటు అంచుకు వచ్చేస్తారు. కండరాలు బిగుసుకుని కాళ్లు ఒక్కసారిగా ఎగిరిపడే ఇబ్బంది ఉన్నవాళ్లు అక్కడి నుంచే కింద పడతారు. అడుగు గట్టిగా ఉండే కుషన్ వేసుకోండి. పాదాల పలక ఎత్తు సరిచేయించండి. తొడలు సీటుకు పూర్తిగా ఆని, పాదం పలక మీద పూర్తిగా ఆనాలి. బెల్టు వాడితే తుంటి మీదుగా రావాలి, పొట్ట మీదుగా కాదు. ఆ బెల్టు మీ చేత్తో మీరే విప్పుకోగలగాలి. మీరు విప్పుకోలేని బెల్టు మిమ్మల్ని కట్టేయడమే అవుతుంది. దానికి నేను ఒప్పుకోను.

కేంద్ర ప్రభుత్వం 60 ఏళ్లు దాటిన పేదలకు ఉచితంగా వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు వంటివి ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. అలాంటి శిబిరాల్లో కుర్చీ అందినవాళ్లు చాలామందే. ఎక్కడ తీసుకున్నా ఇంటికి తెచ్చేముందు ఒకసారి కూర్చుని చూడండి. తుంటికి అటూ ఇటూ అరచేయి నిలువుగా దూరేంత సందు చాలు. సన్నటి మనిషి 18 అంగుళాల సీటులో కూర్చుంటే ఒక పక్కకు ఒరిగిపోతాడు. కొనేటట్టయితే చేతుల ఆసరాలు ఊడదీయగలిగేవి, పాదాల పలకలు పక్కకు తిప్పగలిగేవి చూసి కొనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. ఎందుకో తర్వాతి భాగంలో తెలుస్తుంది.

ఇంకో మూడు మాటలు. కుర్చీ వెనక పిడికి బరువైన సంచులు తగిలించకండి. కుర్చీ వెనక్కి తిరగబడటానికి అదొక పెద్ద కారణం. వెనక అమర్చే చిన్న యాంటీ టిప్పర్ చక్రాలు ఉంటే వాటిని ఊడదీసి అటక మీద పడెయ్యకండి. పైట చెంగు, చున్నీ, లుంగీ అంచు చక్రంలో పడకుండా ఒడిలోకి చెక్కుకోండి.

మంచం నుంచి కుర్చీలోకి

ఈ పని ఫిజియోథెరపిస్టు ఎదురుగా నేర్చుకుంటే మంచిది. నేర్చుకున్నాక రోజూ ఒకే వరసలో చేయండి. వరస తప్పినప్పుడే పొరపాటు జరుగుతుంది.

ముందు ఎత్తులు చూడాలి. కుషన్ కాకుండా వీల్‌చైర్ సీటు సాధారణంగా 19, 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మన టేకు మంచాలు చాలావరకు పరుపుతో కలిపి 24 అంగుళాలు దాటుతాయి. దిగడం తేలిక, తిరిగి ఎక్కడం కొండ ఎక్కినంత పని. వడ్రంగిని పిలిచి మంచం కోళ్లు కోయించండి. మంచం తక్కువ ఎత్తుదైతే కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించండి, కోడు జారకుండా దిమ్మలో గుంట తవ్వించాలి. నులక మంచం, నవారు మంచం ఈ పనికి పనికిరావు. మధ్యలో కుంగుతాయి, అంచు పట్టె మాత్రం ఎత్తుగా అడ్డుపడుతుంది.

నిద్ర లేవగానే కుర్చీలోకి దూకవద్దు. మంచం అంచున కాళ్లు కిందికి వేసి రెండు మూడు నిమిషాలు కూర్చోండి. చాలాసేపు పడుకుని లేస్తే రక్తపోటు పడిపోతుంది, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు మరీనూ. కళ్లు తిరిగితే మళ్లీ పడుకోండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కుర్చీని మంచానికి సమాంతరంగా కాకుండా కాస్త ఏటవాలుగా, 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, మంచాన్ని ఆనించి పెట్టాలి. పక్షవాతంతో ఎడమ పక్క చచ్చుబడితే కుర్చీ మీ కుడి పక్కన ఉండాలి. ఎప్పుడూ బలమున్న పక్కకే మారాలి. తిరిగి మంచం మీదికి వెళ్లేటప్పుడు కూడా అంతే. మంచం మీ కుడి పక్కకు వచ్చేలా కుర్చీ తిప్పుకోవాలి. చాలా ఇళ్లలో మంచం ఒక పక్క గోడకు ఆనించి ఉంటుంది, ఇలా తిప్పడానికి చోటుండదు. మంచం జరపండి. బీరువా అడ్డమైతే అదీ జరపండి.

బ్రేకులు రెండూ వేయండి. పాదాల పలకలు పైకి మడవండి లేదా పక్కకు తిప్పండి. ఆ పలక మీద నిలబడి లేవబోతే కుర్చీ మొత్తం ముందుకు తిరగబడుతుంది. మంచం వైపు ఉన్న చేతి ఆసరా ఊడదీయండి. ఇప్పుడు మెల్లగా పిరుదులు జరుపుకుంటూ మంచం అంచుకు రండి. పాదాలు రెండూ నేలకు ఆని, మోకాళ్లకు సరిగ్గా కిందుగా ఉండాలి. కాళ్లకు హవాయి చెప్పులు వద్దు, మేజోళ్లతో అసలే వద్దు. అడుగు పట్టుగా ఉండే బూట్లు వేసుకోండి.

ఇక అసలు కిటుకు. ఒళ్లు లేపడానికి చేతులతో పైకి నెట్టుకోవద్దు, ముందుకు వంగండి. ముక్కు మోకాళ్ల మీదికి వచ్చేంత వంగితే తుంటి దానంతటదే తేలికపడుతుంది. తల ఎడమకు వంచితే తుంటి కుడికి తిరుగుతుంది. తల ఎటో, తుంటి దానికి ఎదురు. ఈ ఒక్క మాట ఒంటబడితే సగం శ్రమ తగ్గుతుంది. ఒక చెయ్యి కుర్చీ సీటు అవతలి అంచున, ఇంకో చెయ్యి తుంటి పక్కనే మంచం మీద ఉండాలి. ఒకేసారి దూకకుండా రెండు మూడు చిన్న గెంతులుగా మారండి. మధ్యలో పెద్ద చక్రం అడ్డొస్తుంటే ట్రాన్స్‌ఫర్ బోర్డు, అంటే నున్నగా చిత్రిక పట్టిన చెక్క పలక, ఒక అంచు మీ తొడ కిందికి, ఒక అంచు సీటు మీదికి వచ్చేలా వేసుకుని దాని మీదుగా జరగవచ్చు. పొడి నూలు బట్ట ఉంటే చక్కగా జరుగుతుంది, తడి చర్మం పలకకు అంటుకుని ఒరుసుకుపోతుంది.

సాయం చేసేవాళ్లకు. చంకల్లో చేతులు వేసి లాగకండి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారిపోతుంది. నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకోండి, మీ మోకాళ్లు వాళ్ల మోకాళ్లకు ఎదురుగా ఆనించి కాళ్లు మడత పడకుండా ఆపండి. వాళ్లు మీ మెడ పట్టుకుని వేలాడకూడదు. ఇద్దరూ పడేది అలాగే.

లెక్క మాత్రం మీరే పెట్టాలి. "ఒకటి, రెండు, మూడు" అని సాయం చేసేవాళ్లు అంటే, వాళ్లు మూడు దగ్గర లేపుతారు, మీరు మూడు తర్వాత లేస్తారు. ఆ రెప్పపాటు తేడాలోనే తూకం తప్పుతుంది. "నేను మూడు అనగానే లేపమ్మా, అంతకుముందు ముట్టుకోకు" అని కోడలికి గట్టిగా చెప్పండి. కొత్తగా పనికి వచ్చిన ఆయాకు మొదటి రోజే చెప్పండి. మీ ఒళ్లు ఎలా కదులుతుందో మీకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు.

వంగడం, అందుకోవడం

బ్రేకు చక్రాన్ని దొర్లకుండా ఆపుతుంది. కుర్చీని తిరగబడకుండా ఆపలేదు. ఇది తెలియక బ్రేకులు వేశాం కదా అని ధీమాగా ముందుకు వంగి బోర్లా పడతారు. కింద పడ్డ వస్తువును పాదాల మధ్య నుంచి తీయకండి, కుర్చీని దాని పక్కకు తీసుకెళ్లి పక్క నుంచి అందుకోండి. తప్పనిసరిగా ముందుకు వంగాల్సి వస్తే కుర్చీని కాస్త ముందుకు పోనిచ్చి, మళ్లీ వెనక్కి లాగండి. ముందు చిన్న చక్రాలు తిరిగి బయటికి, ముందు వైపుకు వస్తాయి. ఆధారం కొన్ని అంగుళాలు పెరుగుతుంది. తర్వాత బ్రేకులు వేసి, పాదాలు నేల మీద పెట్టి వంగండి. రోజూ వాడే మాత్రలు, నీళ్ల సీసా, ఫోను చార్జరు మీ ఛాతీకీ మోకాళ్లకూ మధ్య ఎత్తులో ఉండేలా ఇల్లు సర్దించుకుంటే వంగే అవసరమే తగ్గుతుంది.

గడప, ర్యాంపు

వీధి గుమ్మం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టుకునే ఇళ్లలో దాన్ని తీసేయమంటే పెద్దవాళ్ల మనసు ఒప్పదు. తీయనక్కర్లేదు, రెండు పక్కలా చెక్కతోనో సిమెంటుతోనో వాలు పోయిస్తే సరిపోతుంది. లోపలి గదుల గడపలకు ఆ పట్టింపు లేదు, వాటిని మేస్త్రీతో కొట్టించి చదును చేయించండి. అర అంగుళం మించిన ఏ గడపైనా చిన్న చక్రాన్ని ఆపేస్తుంది.

వాలుకు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే, అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. అరుగుకు ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు 18 అంగుళాలు, ర్యాంపు 18 అడుగులు రావాలి. మన ఇళ్ల ముందు మోటారు సైకిల్ ఎక్కించడానికి పోసిన నాలుగడుగుల ర్యాంపు వీల్‌చైర్‌కు ర్యాంపే కాదు. దాని మీద మనిషిని ఎక్కించాల్సి వస్తే ఇద్దరు ఉండాలి. దింపేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, సాయం చేసేవాళ్లు కింది వైపు ఉండి, వెనక చక్రాలు ముందు దిగేలా మెల్లగా దించాలి. ముఖం కిందికి పెట్టి దింపితే మనిషి జారి ముందుకు పడతాడు. ర్యాంపు మీద ముగ్గు వేయకండి, శుక్రవారం కడిగాక ఆరేవరకూ వాడకండి. రెండు అంచులకూ రెండంగుళాల గట్టు కట్టిస్తే చక్రం పక్కకు దొర్లదు.

బాత్‌రూం

డబ్బు ఒక్కచోటే ఖర్చు పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి. మన బాత్‌రూం తలుపులు చాలావరకు రెండడుగుల వెడల్పే ఉంటాయి, వీల్‌చైర్ చక్రాలతో కలిపి 25, 26 అంగుళాలు. లోపలికి పట్టదు. దాంతో కుర్చీని గుమ్మం దగ్గర వదిలి, తడి నేల మీద, పట్టుకోవడానికి ఏమీ లేనిచోట మనిషిని లేపుతారు. ఇంటి మొత్తంలో అంత ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదు.

దీనికి తేలికైన దారి ఉంది. నాలుగు చక్రాలకూ బ్రేకులున్న, సన్నటి కమోడ్ చైర్ ఒకటి కొనండి. కొనేముందు తలుపు సందు కొలుచుకోండి. పడకగదిలోనే, పొడి నేల మీద, మంచం మీంచి నేరుగా దాని మీదికి మారండి. అలాగే తోసుకుంటూ బాత్‌రూంలోకి వెళ్లి, అదే కుర్చీ మీద కాలకృత్యాలు, స్నానం అన్నీ ముగించుకుని, ఒళ్లు పొడిగా తుడుచుకుని పడకగదికి వచ్చి మారండి. తడిలో మారే పనే ఉండదు. దీనికోసం బాత్‌రూం గడప దగ్గర ఎగుడుదిగుడు తీసేయించాలి, అంతే.

ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెట్టి స్నానం చేయించడం వెంటనే మానేయండి. తడి టైల్స్ మీద బరువు ఒక పక్కకు పడగానే దాని కాళ్లు విచ్చుకుంటాయి. గోడకు గ్రాబ్ బార్లు, అంటే పట్టుకునే కడ్డీలు, పెట్టించేటప్పుడు టైలు మీద స్క్రూలు బిగించి వదిలేయకుండా, ఇటుకలోకి దిగే యాంకర్ బోల్టులు వేయించండి. బిగించాక మేస్త్రీని ఒళ్లంతా వదిలి దానికి వేలాడమనండి. ఊగితే మళ్లీ చేయించండి. తువ్వాలు వేసే కడ్డీ, కుళాయి, వాష్ బేసిన్ మనిషి బరువు ఆపవు, పడబోయేటప్పుడు చెయ్యి మాత్రం వాటి మీదికే పోతుంది. అందుకే బార్ వాటికంటే దగ్గరగా ఉండాలి. తలంటు రోజున నూనె చేతులతో ఏదీ పట్టుకోకండి, ముందు అరచేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే ఆ ఒళ్లే తలుపుకు అడ్డం, బయటివాళ్లు లోపలికి రాలేరు. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది వేయించండి.

రాత్రి సంగతి కొద్దిగా. నడిరాత్రి మూత్రం కోసం లేవకుండా మంచం పక్కనే యూరినల్ సీసా ఉంచుకోండి. కుర్చీ బ్రేకులు వేసి చేతికందేలా ఉండాలి. కరెంటు పోతే వెలిగే దీపం ఒకటి కావాలి. ఫోను బల్ల మీద కాదు, మెడలో తాడుకు వేలాడే సంచిలో ఉండాలి. నేల మీద పడ్డ మనిషికి బల్ల మీది ఫోను అందదు.

పడితే

కుర్చీ వెనక్కి పడిపోతుంటే గడ్డాన్ని ఛాతీకి ఆనించండి, ఒక చేతిని మోకాళ్లకు అడ్డం పెట్టండి. తల నేలకు కొట్టుకోదు, మోకాళ్లు ముఖానికి తగలవు.

పడ్డ మనిషిని పరుగున వచ్చి లేపేయడం మంచిది కాదు. మెడ నొప్పి ఉన్నా, కొత్తగా తిమ్మిరి వచ్చినా, స్పృహ తప్పినా కదపకుండా 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే బయటికి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కాళ్లలో స్పర్శ లేనివాళ్లు నొప్పి లేదు కాబట్టి ఏమీ కాలేదనుకోకూడదు. చచ్చుబడిన కాళ్లలో ఎముకలు పలచబడతాయి, చిన్న దెబ్బకే, ముఖ్యంగా మోకాలి చుట్టుపక్కల, విరుగుతాయి. ఆ రోజూ మర్నాడూ కళ్లతో చూడండి, చేత్తో తడమండి. వాపు, వేడి, ఎరుపు, కాలు వంకర, కాళ్లు మామూలుకంటే ఎక్కువగా ఎగిరిపడటం, వీటిలో ఏది కనిపించినా ఎక్స్‌రే తీయించాలి. మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు పడిన తర్వాత తల పగిలిపోయే నొప్పి, ముఖానికి చెమటలు వస్తే అది రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిన గుర్తు. మెడకు దెబ్బ తగల్లేదని తెలిస్తే నిటారుగా కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, మూత్రం గొట్టం మెలిపడిందేమో చూడండి, 108ని పిలవండి.

దెబ్బలేమీ లేవని తేలాక కూడా ఒక్కసారిగా కుర్చీలోకి ఎత్తకండి. చేతుల్లో బలమున్నవాళ్లు ముందు వంటింటి పీట మీదికి, అక్కడి నుంచి పొట్టి స్టూలు మీదికి, అక్కడి నుంచి బ్రేకులు వేసిన కుర్చీలోకి, వీపు అటు పెట్టి మెట్టు మెట్టుగా ఎక్కవచ్చు. బలం లేనివాళ్లకు ఇద్దరు కావాలి. ఒకరు వెనక నుంచి, ఒకరు మోకాళ్ల కింద చేతులు వేసి లేపాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోని గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అయినా మన ఇళ్లలో చాలామంది పడిన సంగతి దాస్తారు. చెబితే ఇక కుర్చీ ఎక్కనివ్వరని భయం. దయచేసి దాచకండి. ఎక్కడ, ఏ పని చేస్తుండగా, కాలికి ఏముండగా, ఏ మాత్ర వేసుకున్నాక పడ్డారో రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. ఇంట్లోవాళ్లకు నాదొక విన్నపం. పడ్డానని చెప్పిన మనిషిని కోప్పడకండి, మంచానికి పరిమితం చేయకండి. ఆ రోజు చీకటి పడేలోపు, పడిన చోట ఏం మార్చాలో వాళ్లనే అడిగి మార్చండి.